గోల్ ముందే పాసులు: ఫుట్‌బాల్ అభిమానులకు అంత టెన్షన్ ఎందుకు?

క్లుప్తంగా

గోల్‌కీపర్ బంతిని దూరంగా తన్నకుండా పక్కనున్న డిఫెండర్‌కు ఇవ్వడం, అక్కడి నుంచి చిన్న చిన్న పాసులతో మెల్లగా పైకి రావడం ఇప్పుడు పెద్ద లీగులన్నిటిలో కనిపిస్తున్న పద్ధతి. చాలామంది అభిమానులు దీన్ని అనవసరమైన రిస్క్ అంటారు. కోచ్‌లు మాత్రం ఇందులో పక్కా లెక్క ఉందంటారు. ఈ పద్ధతి వల్ల జరిగే నష్టం ఒక్క క్షణంలో, అందరి కళ్ల ముందే జరుగుతుంది. లాభం మాత్రం అర నిమిషం తర్వాత మైదానం అవతలి కొసన వస్తుంది, ఆ పేరు వేరేవాళ్లకు పోతుంది. గొడవకు అసలు మూలం ఇదే. అలాగని అభిమానుల భయం ఉత్తిదేం కాదు. చేతిలో ఉన్న ఆటగాళ్లను బట్టి ఈ పద్ధతి ఫలితం చాలా మారిపోతుంది.

వాట్‌ఫోర్డ్‌లో ఒక గోల్ కిక్

2019 సెప్టెంబర్ 15. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో వాట్‌ఫోర్డ్ సొంత మైదానంలో ఆర్సెనల్‌తో మ్యాచ్. మొదటి సగంలో ఒబామెయాంగ్ కొట్టిన రెండు గోల్స్‌తో ఆర్సెనల్ 2-0తో ముందుంది. రెండో సగం మొదలైన కాసేపటికి ఆర్సెనల్‌కు గోల్ కిక్ (ప్రత్యర్థి తాకిన బంతి గోల్ లైన్ దాటి బయటికి పోతే కీపర్ జట్టుకు దక్కే కిక్) వచ్చింది. కీపర్ లెనో బంతిని పెనాల్టీ బాక్స్ (గోల్ ముందు గీసిన పెద్ద గడి) లోపలే నిలబడ్డ డిఫెండర్ సొక్రటిస్‌కు ఇచ్చాడు. అప్పటికే వాట్‌ఫోర్డ్ ఆటగాళ్లు మీదికి వచ్చేస్తున్నారు. సొక్రటిస్ వేసిన పాస్‌ను డెలోఫెయు మధ్యలోనే అందుకున్నాడు. ఆ బంతిని క్లెవర్లీ గోల్‌లోకి కొట్టాడు. చివరికి మ్యాచ్ 2-2తో ముగిసింది.

ఆ గోల్‌కు ముందు వాట్‌ఫోర్డ్ పెద్దగా కట్టిన ఆట ఏమీ లేదు. బంతి ఆర్సెనల్ కీపర్ కాలి నుంచి బయల్దేరి ఆర్సెనల్ వలలోకే వెళ్లింది. 'లేపి కొట్టి ఉంటే ఈ గోల్ వచ్చేదే కాదు' అని ఏ అభిమాని అయినా అంటాడు, ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. పైగా ఇలాంటి గోల్ నాలుగు నెలల ముందైతే సాధ్యమయ్యేదే కాదు. దాన్ని సాధ్యం చేసింది ఒక నిబంధన మార్పు.

రెండు నిబంధనలు ఆటను ఇటు తిప్పాయి

మొదటిది 1992 నాటి బ్యాక్‌పాస్ నిబంధన. అంతకుముందు డిఫెండర్ బంతిని తన కీపర్‌కు తన్నితే కీపర్ దాన్ని చేతులతో పట్టుకోవచ్చు, మళ్లీ దొర్లించవచ్చు, మళ్లీ పట్టుకోవచ్చు. ఆధిక్యంలో ఉన్న జట్టుకు కాలం గడపడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు. ఇటలీలో జరిగిన 1990 ప్రపంచ కప్‌లో మ్యాచ్‌కు సగటున 2.21 గోల్స్ మాత్రమే వచ్చాయి. ఆ టోర్నీ విసుగు పుట్టించిందన్న విమర్శలు గట్టిగానే వినిపించాయి. 1992 యూరో (యూరప్ దేశాల టోర్నీ) ఫైనల్లో జర్మనీ మీద 2-0తో గెలిచిన డెన్మార్క్ కూడా బంతిని కీపర్ ష్మైఖేల్‌కు పదే పదే వెనక్కి ఇస్తూ సమయం గడిపింది. ఆ వేసవి నుంచే నిబంధన మారింది. సహ ఆటగాడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో తాకకూడదు.

దాంతో కీపర్‌కు కాళ్లతో ఆడటం తప్పనిసరి అయింది. మొదట్లో దీని ఫలితం ఇప్పటి ఆటకు పూర్తిగా వ్యతిరేకంగా ఉండేది. కాళ్లతో ఆడే అలవాటు లేని కీపర్లు కంగారుపడి బంతిని స్టాండ్స్‌లోకి తన్నేవాళ్లు. చిన్నప్పటి నుంచే కాళ్లతో ఆడటం నేర్చుకున్న కీపర్ల తరం రావడానికి ఏళ్లు పట్టింది.

రెండో మార్పు 2019 జూన్ 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు గోల్ కిక్ కొట్టిన బంతి పెనాల్టీ బాక్స్ దాటితేనే ఆటలోకి వచ్చినట్టు. లోపలే ఎవరైనా తాకితే కిక్ మళ్లీ కొట్టాల్సిందే. చిక్కులో పడ్డ డిఫెండర్లు కావాలనే లోపల తాకి, ఇంకో అవకాశం తెచ్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. కొత్త నిబంధన ప్రకారం కీపర్ తన్నగానే, బంతి కదలగానే ఆట మొదలైనట్టే. డిఫెండర్ బాక్స్ లోపలే నిలబడి పాస్ అందుకోవచ్చు. ప్రత్యర్థులు అప్పటిదాకా బాక్స్ బయట ఆగాలి, కిక్ పడ్డ మరుక్షణం లోపలికి దూసుకురావచ్చు.

ఈ మార్పు రెండు జట్లకూ కలిసొచ్చింది. బంతి ఉన్న జట్టుకు ఆడటానికి 16.5 మీటర్ల లోతు చోటు కొత్తగా దొరికింది. బంతి లాక్కోవాలనుకునే జట్టుకు గోల్‌కు అత్యంత దగ్గరలో వేటాడే అవకాశం వచ్చింది. అభిమానికి మాత్రం టెన్షన్ పెరిగింది. అంతకుముందు గోల్ కిక్ అంటే ఊపిరి పీల్చుకునే సమయం.

కోచ్ లెక్క ఏమిటి?

బంతి ఉన్న జట్టులో కీపర్‌తో కలిపి 11 మంది ఉంటారు. ప్రత్యర్థి కీపర్ తన గోల్ వదిలి రాలేడు కాబట్టి, మీదికి వచ్చి ఒత్తిడి పెట్టగలిగింది గరిష్ఠంగా 10 మందే. అంటే బంతి ఉన్న జట్టులో ఎవరో ఒకరు ఎప్పుడూ ఖాళీగా ఉంటారు. ఒత్తిడి పెట్టే జట్ల కోచ్‌లు చాలామంది జాగ్రత్త కోసం వెనక ఒక డిఫెండర్‌ను అదనంగా ఉంచుకుంటారు. అప్పుడు ముందు వైపు తేడా ఇంకా పెరుగుతుంది. ఆ ఖాళీ మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టి, బంతిని అతనికి చేర్చడమే ఈ పాసులన్నిటి పని.

అతనికి నేరుగా పాస్ వెళ్లే దారి సాధారణంగా మూసుకుపోయి ఉంటుంది. ఎదురుగా వస్తున్న ఫార్వర్డ్ తన నీడతోనే ఆ దారిని కప్పేస్తాడు. అందుకే బంతి ముందు మూడో మనిషి దగ్గరికి వెళ్తుంది. అతని వీపు మీద ప్రత్యర్థి ఉంటాడు, తిరగడానికి వీల్లేదు. కానీ ఒకే టచ్‌తో బంతిని పక్కనున్న ఖాళీ ఆటగాడికి వదలగలడు. ప్రత్యర్థి మొదటి వరస దాటిపోయింది, ఎదురుగా సగం మైదానం ఖాళీ. టీవీలో చూసేవాడికి కనిపించేది మాత్రం 'ముందుకు ఇచ్చాడు, మళ్లీ వెనక్కే వచ్చింది' అన్నంతే. అడ్డంగా, వెనక్కి వెళ్లే పాసుల్లో చాలావాటి పని బంతిని కదపడం కాదు, ఎదుటివాళ్లను కదపడం. ఒక ఫార్వర్డ్ నాలుగు అడుగులు ఎడమవైపు జరిగితే కుడివైపు దారి తెరుచుకుంటుంది.

రాబెర్టో డి జెర్బీ కోచ్‌గా ఉన్నప్పటి బ్రైటన్ దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లింది. సెంటర్ బ్యాక్ (మధ్యలో ఆడే డిఫెండర్) లూయిస్ డంక్ బంతి మీద అరికాలు పెట్టి కదలకుండా నిలబడేవాడు. ఎవరైనా మీదికి వస్తేనే కదలిక. ఒకరు వచ్చారంటే తన స్థానం ఖాళీ చేసి వచ్చినట్టే. సరిగ్గా ఆ ఖాళీలోకే తర్వాతి పాస్ వెళ్లేది. చేపకు ఎర వేసి కూర్చున్నట్టు ఉండే ఈ ఆట, ఎదుటి జట్టు ఎరను పట్టించుకోకపోతే నిజంగానే నత్తనడకగా మారుతుంది.

ఈ పద్ధతిలోని రెండు కొసలూ 2023 మేలో ఒక్క వారంలోనే కనిపించాయి. 8న సొంత మైదానంలో బ్రైటన్ 1-5తో ఎవర్టన్ చేతిలో చిత్తయింది. రెలిగేషన్ (కింది డివిజన్‌కు దిగిపోవడం) భయంతో ఉన్న ఎవర్టన్ వెనకే కాచుకుని కూర్చుని, దొరికిన బంతితో మెరుపు వేగంతో పైకి వెళ్లింది. 14న అదే బ్రైటన్, అదే పద్ధతితో, లండన్‌లో టైటిల్ రేసులో ఉన్న ఆర్సెనల్‌ను 3-0తో ఓడించింది. ఆ సీజన్‌ను ఆరో స్థానంలో ముగించి, క్లబ్ చరిత్రలో మొదటిసారి యూరోపియన్ టోర్నీకి వెళ్లింది.

పొట్టి పాస్ వేస్తేనే పొడుగు పాస్ పండుతుంది

అభిమానుల చర్చల్లో ఈ విషయాన్ని దాదాపు ఎప్పుడూ 'పొట్టి పాసా, లాంగ్ బాలా' అన్నట్టు రెండు శిబిరాలుగా విడగొడతారు. మైదానంలో అవి ఒకే పద్ధతిలోని రెండు భాగాలు.

ప్రత్యర్థి జట్టు మొత్తం హాఫ్‌లైన్ దగ్గర కాచుకుని ఉన్నప్పుడు కీపర్ బంతిని గాల్లోకి లేపితే అది ఎత్తైన డిఫెండర్ తలకు తగిలి తిరిగి వస్తుంది. అదే కీపర్ ముందుగా రెండు చిన్న పాసులు ఆడించి ప్రత్యర్థుల్ని తన బాక్స్ దాకా రప్పించుకుంటే, వాళ్ల వెనక నలభై యాభై మీటర్ల ఖాళీ మిగులుతుంది. అప్పుడు తన్నిన లాంగ్ బాల్ సొంత ఫార్వర్డ్‌ను ఒక్క డిఫెండర్‌తో ముఖాముఖి నిలబెడుతుంది. దీనికి తోడు చాలామందికి గుర్తుండని నిబంధన ఒకటుంది: గోల్ కిక్ నుంచి నేరుగా వచ్చిన బంతిని అందుకుంటే ఆఫ్‌సైడ్ (ప్రత్యర్థి డిఫెండర్ల వెనక నిలబడి పాస్ అందుకోకూడదన్న నియమం) వర్తించదు. ఫార్వర్డ్ డిఫెండర్ల వెనకే వెళ్లి నిలబడవచ్చు. డిఫెన్స్ అతన్ని వదల్లేక వెనక్కి జరుగుతుంది, మధ్యలో చోటు దానంతట అదే విప్పారుతుంది.

అప్పటి మాంచెస్టర్ సిటీ కీపర్ ఎడర్సన్ దీన్ని ఒక ఆయుధంగా మార్చాడు. 2018 ఆగస్టులో హడర్స్‌ఫీల్డ్ మీద సిటీ 6-1తో గెలిచిన మ్యాచ్‌లో, అతని పొడుగు కిక్ నేరుగా అగ్వేరోను చేరి గోల్ అయింది. 2025 ఫిబ్రవరికల్లా ప్రీమియర్ లీగ్ చరిత్రలో అత్యధిక అసిస్టులు (గోల్‌కు దారితీసిన పాసులు) ఇచ్చిన గోల్‌కీపర్‌గా ఎడర్సన్ రికార్డు కొట్టాడు. పొట్టి పాసులకు పెట్టింది పేరైన జట్టు కీపర్‌కు ఈ రికార్డు దక్కడం యాదృచ్ఛికం కాదు. అతను చిన్న పాస్ ఇస్తాడేమోనన్న భయంతో ప్రత్యర్థులు ముందుకు వస్తేనే కదా, ఆ పొడుగు కిక్‌కు చోటు దొరికేది!

మరి స్టాండ్స్‌లో గుండె దడ ఎందుకు?

ఈ లెక్క తెలిసిన అభిమానికి కూడా, తన జట్టు డిఫెండర్ సొంత బాక్స్‌లో బంతితో నిలబడితే గుండె దడదడలాడుతుంది. దీనికి కారణాలు ఉన్నాయి.

పొట్టి పాస్ తప్పితే దోషి ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. రీప్లేలో ముఖం కనిపిస్తుంది, వారమంతా ఆ క్లిప్ ఫోన్లలో తిరుగుతుంది. లాంగ్ బాల్ వల్ల వచ్చే నష్టం అలా కాదు. కీపర్ తన్నిన బంతి ప్రత్యర్థికి చిక్కింది, వాళ్లు ఆరు పాసులు ఆడారు, కార్నర్ సంపాదించారు, కార్నర్ నుంచి గోల్ కొట్టారు. ఆ గోల్‌కు తిట్లు తినేది కార్నర్ దగ్గర తన మనిషిని వదిలేసిన డిఫెండర్. నిమిషం కిందట బంతిని ఉత్తపుణ్యానికి వదిలేసిన కీపర్ పేరు ఎవరికీ గుర్తుకు రాదు. లాభం విషయంలోనూ ఇదే జరుగుతుంది. వెనక నుంచి పన్నెండు పాసులతో కట్టుకొచ్చిన గోల్‌ను హైలైట్స్‌లో చివరి మూడు పాసుల నుంచే చూపిస్తారు. పొగడ్త ఫార్వర్డ్‌కు, మొదటి పాస్ వేసిన వాడికి నిశ్శబ్దం.

చూసే చోటు కూడా తేడా తెస్తుంది. గోల్ వెనక స్టాండ్‌లో కూర్చున్నవాళ్లకు దూరాలు కుదించుకుపోయి కనిపిస్తాయి. పది మీటర్ల దూరంలో ఉన్న ప్రత్యర్థి మీద పడిపోతున్నట్టే ఉంటుంది. అదే మ్యాచ్‌ను టీవీలో పక్క నుంచి, పై నుంచి చూసేవాడికి ఖాళీ ఆటగాళ్లు స్పష్టంగా కనిపిస్తారు. అందుకే స్టేడియంలో కేక వేసినవాడే ఇంటికెళ్లి రికార్డింగ్ చూశాక 'పర్లేదు, అక్కడ దారి ఉంది' అనుకోవచ్చు.

అంతకంటే ముఖ్యమైనది, ఆ కేకకు మైదానంలో ఫలితం ఉంటుంది. వేల గొంతులు ఒక్కసారిగా మూలిగితే ఇరవై ఏళ్ల డిఫెండర్ కాళ్లు బిగుసుకుపోతాయి. అర సెకను ముందే బంతిని వదిలించుకోవాలనిపిస్తుంది. తొందరలో వేసిన పాస్ తప్పుతుంది, మూలుగు ఇంకా పెరుగుతుంది. కోచ్‌లు మ్యాచ్‌కు ముందు అభిమానులను ఓపిక పట్టమని అడగడం వెనక ఉన్న భయం ఇదే.

ఇంగ్లండ్‌కు అంటుకున్న పాత లెక్క

ఈ అసహనం ఇంగ్లండ్‌లో కొంచెం ఎక్కువ. అక్కడ నేరుగా, వేగంగా ముందుకు కొట్టే ఆటకు సంప్రదాయంతోపాటు ఒక సిద్ధాంతం కూడా తోడైంది. వైమానిక దళంలో అకౌంటెంట్‌గా పనిచేసిన చార్లెస్ రీప్ 1950లో స్విండన్ టౌన్ మ్యాచ్ చూస్తూ దాడులను కాగితం మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. దశాబ్దాల పాటు ఆ పని వదల్లేదు. 1968లో బెంజమిన్ అనే గణాంక నిపుణుడితో కలిసి ప్రచురించిన అధ్యయనంలో తేలింది ఇది: పదిలో ఎనిమిది గోల్స్ మూడు పాసులు లేదా అంతకంటే తక్కువ ఉన్న ఆటలోంచే వస్తున్నాయి. అంటే ఎక్కువ పాసులు దండగ అని చాలామంది అర్థం చేసుకున్నారు.

లెక్కలో లోపం ఆ లెక్కలోనే ఉంది. రీప్ సేకరించిన వివరాల ప్రకారమే, ఫుట్‌బాల్‌లో పదిలో తొమ్మిదికి పైగా కదలికలు మూడు పాసుల్లోపే ఆగిపోతాయి. తొంభై శాతానికి పైగా ప్రయత్నాలు చేసి ఎనభై శాతం గోల్స్ మాత్రమే తెచ్చిన పద్ధతి, తన వాటాకు తగ్గ ఫలితం ఇవ్వనట్టే కదా. నాలుగో పాస్ దాటిన అరుదైన కదలికలే తమ వాటా కంటే ఎక్కువ గోల్స్ ఇచ్చాయి.

అయినా ఆ ఆలోచన బతికింది, ఊరికే బతకలేదు. నేరుగా ఆడే గ్రాహమ్ టేలర్ వాట్‌ఫోర్డ్ 1982-83లో లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. అదే తరహా వింబుల్డన్ 1988 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో లివర్‌పూల్‌ను 1-0తో ఓడించింది. డబ్బు, నైపుణ్యం తక్కువున్న జట్లకు ఈ దారి నిజంగానే పనికొచ్చింది. ఆ రోజులు చూసిన తరం ఇప్పటికీ స్టాండ్స్‌లో ఉంది.

దీనికి పూర్తి భిన్నమైన దారి నెదర్లాండ్స్‌ది. 1974 ప్రపంచ కప్‌లో ఫైనల్ దాకా వెళ్లిన డచ్ జట్టు కీపర్ యోంగ్‌బ్లూడ్ 8వ నంబర్ చొక్కాతో ఆడాడు, గోల్ వదిలి ముందుకొచ్చి అదనపు డిఫెండర్‌లా నిలబడేవాడు. ఆ జట్టు నాయకుడు యొహాన్ క్రయిఫ్ తర్వాత కోచ్‌గా అదే ఆలోచనను బార్సెలోనాలో నాటాడు. అక్కడ ఆయన దగ్గర ఆడి పెరిగినవాడే, తర్వాత మాంచెస్టర్ సిటీ కోచ్ అయిన పెప్ గార్డియోలా.

అందరి ఫిర్యాదూ ఒకటి కాదు

'అభిమానులకు ఇది నచ్చదు' అని ఒక్క ముక్కలో చెప్పేయడం కుదరదు. ఫిర్యాదులు వేర్వేరు రకాలు, వాటికి జవాబులూ వేర్వేరే.

కొందరి భయం గోల్ పోతుందని. కొందరికి గోల్ పోయినా ఫర్వాలేదు, ఆట చప్పగా ఉంటేనే బాధ. 2015లో లూయిస్ వాన్ హాల్ కోచ్‌గా ఉన్నప్పుడు మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులు 'అటాక్, అటాక్, అటాక్' అని నినాదాలు చేశారు. అప్పుడు జట్టు బంతిని పోగొట్టుకుంటోందని కాదు, బంతి ఉండి కూడా ఏమీ చేయడం లేదని వాళ్ల కోపం. ఈ రెండో ఫిర్యాదును కోచ్‌లు తేలిగ్గా తీసిపారేయలేరు. ఎవరూ మీదికి రానప్పుడు కూడా డిఫెండర్లు బంతిని అటూ ఇటూ తిప్పుతుంటే, అది ఎర కాదు, కాలక్షేపం. పద్ధతి ఉద్దేశమే అక్కడ దెబ్బతింటుంది.

మూడో రకం వాదనే అన్నిటికంటే బలమైనది: 'ఇది గొప్ప జట్ల ఆట, మన జట్టుకు ఎందుకు?'

అందరికీ అచ్చిరాదు

గార్డియోలా 2016లో మాంచెస్టర్ సిటీకి రాగానే, అభిమానులకు ఇష్టుడైన కీపర్ జో హార్ట్‌ను పక్కనపెట్టి కాళ్లతో బాగా ఆడతాడని క్లాడియో బ్రావోను తెచ్చుకున్నాడు. ఆ అక్టోబర్ 19న బార్సెలోనాలో బ్రావో వేసిన పాస్ నేరుగా సువారెజ్ కాళ్ల దగ్గరికి వెళ్లింది. సువారెజ్ తిరిగి కొట్టిన బంతిని బ్రావో బాక్స్ బయట చేత్తో ఆపి రెడ్ కార్డ్ తిన్నాడు. సిటీ 0-4తో ఓడింది. ఆ సీజన్‌లో జట్టుకు ట్రోఫీ రాలేదు. గార్డియోలా పద్ధతి మార్చుకోలేదు, కీపర్‌ను మార్చాడు. 2017లో పోర్చుగల్ క్లబ్ బెన్ఫికా నుంచి సుమారు 3.5 కోట్ల పౌండ్లు పెట్టి ఎడర్సన్‌ను కొన్నాడు. తర్వాతి సీజన్ సిటీ 100 పాయింట్లతో లీగ్ గెలిచింది.

తప్పు జరిగితే ఇంకో కీపర్‌ను కొనుక్కునే స్తోమత అందరికీ ఉండదు. విన్సెంట్ కొంపనీ బర్న్‌లీ 2022-23లో రెండో డివిజన్‌ను 101 పాయింట్లతో గెలిచింది. అదే పాసింగ్ ఆటతో ప్రీమియర్ లీగ్‌కు వచ్చి, 24 పాయింట్లతో తిరుగుటపా కట్టింది. రసెల్ మార్టిన్ కోచ్‌గా సౌతాంప్టన్ 2024లో ప్లేఆఫ్ (పై డివిజన్‌లో చోటు కోసం ఆడే అదనపు మ్యాచ్‌లు) ద్వారా పైకి వచ్చింది. మొదటి మ్యాచ్‌లోనే, న్యూకాసిల్ 10 మందితో ఆడుతుండగా, కీపర్ మెకార్తీ తప్పు పాస్ నుంచి ఇసాక్ బంతి అందుకుని జొయెలింటన్‌కు ఇచ్చాడు, గోల్ అయింది, సౌతాంప్టన్ 0-1తో ఓడింది. అలాంటి దృశ్యాలు మళ్లీ మళ్లీ కనిపించాయి. డిసెంబర్‌లో టాటెన్‌హామ్ చేతిలో 0-5 తర్వాత మార్టిన్ ఉద్యోగం పోయింది. జట్టు ఇంకా ఏడు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే రెలిగేట్ అయింది, 12 పాయింట్లతో సీజన్ ముగించింది.

కింది డివిజన్‌లో పనిచేసింది పైకి రాగానే ఎందుకు పనిచేయదు? పాస్ వేసేవాడి నైపుణ్యం ఒక్కటే కాదు కారణం. పై డివిజన్‌లో మీదికి వచ్చే ఫార్వర్డ్ వేగం ఎక్కువ, అంటే ఆలోచించుకునే సమయం తక్కువ. బంతి లాక్కున్నాక అతను గోల్ కొట్టే అవకాశమూ ఎక్కువే. కింది డివిజన్‌లో పది తప్పుల్లో రెండు మూడిటికి శిక్ష పడితే, పైన సగం తప్పులు గోల్స్ అవుతాయనుకున్నా చాలు, మొత్తం లెక్క తలకిందులవుతుంది. అవతలి కొసన కూడా సమస్యే. అంత కష్టపడి బంతిని పైకి తెచ్చాక దాన్ని గోల్‌గా మార్చే ఫార్వర్డ్ లేకపోతే, రిస్క్ మాత్రం మిగిలి లాభం రాదు.

మరి ఇన్ని చేదు అనుభవాలున్నా కోచ్‌లు ఎందుకు పట్టుబడతారు? కొంపనీ కథలోనే ఒక కారణం కనిపిస్తుంది. రెలిగేట్ అయిన కోచ్‌ను బయర్న్ మ్యూనిక్ పిలిచి మరీ బాధ్యత అప్పగించింది, 2024-25లో ఆయన జర్మన్ లీగ్ గెలిచాడు. పెద్ద క్లబ్బులు కోచ్‌లలో వెతికేది ఆట కట్టే పద్ధతినే. కోచ్ భవిష్యత్తుకు మేలు చేసే ఆట, ఈ సీజన్ గట్టెక్కాలనుకునే అభిమానికి మేలు చేయకపోవచ్చు. ఇద్దరి లెక్కలూ వేరు, ఈ విషయంలో అభిమాని అనుమానం సబబే.

ఉనాయ్ సిమోన్ అనుభవం

ఫలితాలు మారితే అభిప్రాయాలు ఎలా మారతాయో చూడాలంటే స్పెయిన్ కీపర్ ఉనాయ్ సిమోన్‌ను చూడాలి. 2021 జూన్ 28న యూరో మ్యాచ్‌లో క్రొయేషియా మీద పెద్రీ దూరం నుంచి ఇచ్చిన బ్యాక్‌పాస్‌ను అతను కాలితో ఆపలేకపోయాడు. బంతి మెల్లగా వలలోకి దొర్లింది. స్పెయిన్ ఎలాగో 5-3తో గట్టెక్కింది. కోచ్ లూయిస్ ఎన్రికే అతన్ని తీసేయలేదు. తర్వాతి మ్యాచ్‌లో స్విట్జర్లాండ్ మీద పెనాల్టీ షూటౌట్‌లో సిమోన్ రెండు కిక్‌లు ఆపి జట్టును సెమీస్‌కు చేర్చాడు.

2022 ప్రపంచ కప్‌లో మళ్లీ దెబ్బ. జపాన్ రెండో సగం మొదట్లో ఒక్కసారిగా మీదికి వచ్చి, స్పెయిన్ వెనక ఆడుతున్న బంతిని లాక్కుంది. దోవన్ గోల్ కొట్టాడు. బంతి ఎక్కువసేపు స్పెయిన్ దగ్గరే ఉన్నా జపాన్ 2-1తో గెలిచింది. 2024 యూరోను స్పెయిన్ గెలిచింది, గోల్‌లో అదే సిమోన్. అయితే ఆ జట్టు పాతదానిలా లేదు. వెనక పాసులు అలాగే ఉన్నా, రెండు అంచుల్లో లమీన్ యమాల్, నికో విలియమ్స్ లాంటి మెరుపు వింగర్లు వచ్చారు. బంతి పైకి చేరగానే ఆట వేగం అందుకునేది. విసుగన్న ఫిర్యాదు దాదాపు ఆగిపోయింది.

మన దగ్గర

తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చ ఎక్కువగా వారాంతపు రాత్రుల ప్రీమియర్ లీగ్ చుట్టూ నడుస్తుంది. కానీ పాసింగ్ ఆటకు హైదరాబాద్‌తో పాత బంధమే ఉంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానంలో నిలిపి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. బంతిని పట్టుకుని కూర్చోకుండా పాసులతో కదిలించాలని నేర్పిన కోచ్‌గా ఆయనకు పేరు. ఇటీవలి కాలంలో మనోలో మార్కెజ్ కోచ్‌గా హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది, ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించింది.

అదే మార్కెజ్ భారత జట్టు కోచ్‌గా 2024 నవంబర్ 18న గచ్చిబౌలిలో మలేషియాతో ఆడినప్పుడు, కీపర్ గుర్‌ప్రీత్ గోల్ వదిలి చాలా ముందుకొచ్చి బంతిని అందుకోలేకపోయాడు. మలేషియాకు గోల్ దక్కింది, మ్యాచ్ 1-1తో డ్రా అయింది. అది పొట్టి పాస్ తప్పి వచ్చిన గోల్ కాదు, వెనక నుంచి వచ్చిన లాంగ్ బాల్‌ను ఆపబోయి జరిగిన పొరపాటు. అయినా కీపర్ గోల్ లైన్ వదిలి చేసే ప్రతి పనినీ ఒకే గాటన కట్టి తిట్టడం అభిమానులకు అలవాటు. రెండిటి మధ్య తేడా పెద్దదే. ఒకటి బంతి మన దగ్గర ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయం, రెండోది ఎదుటివాడి బంతికి ఇచ్చే జవాబు.

భారత్‌లో ఇంకో అడ్డంకి మైదానం. వెనక నుంచి పాసులతో రావాలంటే బంతి నేల మీద సాఫీగా దొర్లాలి. గతుకుల మైదానంలో బంతి చివరి క్షణంలో ఎగిరితే ఎంత గొప్ప డిఫెండర్‌కైనా ఇబ్బందే. జిల్లా స్థాయిలో కుర్రాళ్లను లేపి కొట్టమని చెప్పే కోచ్ పాతకాలపు మనిషి కానక్కర్లేదు, కాళ్ల కింద నేల అలా చెప్పిస్తుంది.

గాలి మారుతోందా?

ప్రత్యర్థులు ఈ పద్ధతిని చదివేశారు. మైదానమంతా ఒక్కొక్కరికి ఒక్కొక్కరు చొప్పున అంటిపెట్టుకుని ఒత్తిడి పెట్టడం పెరిగింది. ఇలా చేస్తే కీపర్ ఒక్కడే ఖాళీగా మిగులుతాడు. అతనికి మిగిలే దారి పొడుగు కిక్. 2025-26 సీజన్ మొదలయ్యాక ప్రీమియర్ లీగ్‌లో పొడుగు గోల్ కిక్‌లు, లాంగ్ త్రోలు మళ్లీ బాగా కనిపించాయి. కీపర్ బంతిని చేతుల్లో ఎనిమిది సెకన్ల కంటే ఎక్కువ ఉంచుకుంటే ప్రత్యర్థికి కార్నర్ ఇచ్చే నిబంధన కూడా ఆ సీజన్ నుంచే వచ్చింది. చేతుల్లో పట్టుకుని తాపీగా ఆలోచించుకునే వీలు తగ్గింది.

అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది గార్డియోలా. 2025 వేసవి చివర్లో ఎడర్సన్ టర్కీ క్లబ్ ఫెనర్‌బాచేకు వెళ్లిపోగా, ఆయన స్థానంలో సిటీ తెచ్చుకున్నది డొన్నరుమ్మాను. షాట్లు ఆపడంలో ప్రపంచంలోనే మేటి, కాళ్లతో ఆడటంలో మాత్రం ఆ స్థాయి కాదు. 2016లో జో హార్ట్‌ను పంపించిన కారణాన్నే అప్పుడు పక్కనపెట్టినట్టయింది. మరోవైపు డొన్నరుమ్మాను వదులుకున్న పారిస్ సెయింట్ జర్మెయిన్ కోచ్ లూయిస్ ఎన్రికే, కాళ్లతో బాగా ఆడే లూకా షెవాలియేను ఎంచుకున్నాడు. సిమోన్‌ను వెనకేసుకొచ్చిన ఎన్రికేనే ఈయన.

అలాగని పారిస్ జట్టు బంతిని ఎప్పుడూ వదలదనుకుంటే పొరపాటు. 2025 మే 31న మ్యూనిక్‌లో ఇంటర్ మిలాన్‌ను 5-0తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ గెలిచిన ఆ జట్టు, ఆ సీజన్‌లో కొత్త అలవాటు ఒకటి చేసుకుంది. కిక్ ఆఫ్ అవగానే మిడ్‌ఫీల్డర్ విటీన్యా బంతిని ప్రత్యర్థి కార్నర్ జెండా వైపు బలంగా తన్ని లైన్ దాటించేసేవాడు. ప్రత్యర్థికి త్రో ఇన్ దక్కేది, కానీ సొంత గోల్ పక్కనే. అప్పుడు పారిస్ ఆటగాళ్లందరూ పైకి ఉరికి, తాము రోజూ తమ బాక్స్‌లో ఎదుర్కొనే ఇరకాటాన్నే ఎదుటివాళ్లకు రుచి చూపించేవాళ్లు.